క్లచ్ స్ప్రింగులు విప్పి ఇచ్చిన ఖాదరన్న

ఘాట్ రోడ్డెక్కే లారీ నుంచి కాలిన క్లచ్ వాసన వచ్చిందంటే చాలు, ఇప్పటికీ నా ఎడమకాలు దానంతట అదే పెడల్ మీది నుంచి పక్కకు జరుగుతుంది. ఆ అలవాటు చేసింది ఖాదరన్న. రాయచోటి మనిషి. కువైట్‌లో, ఫహాహీల్ సందులో ఆయనకు చిన్న గ్యారేజీ ఉండేది. నేను కూలీలను పనికి చేర్చే బస్సుకు డ్రైవర్ని. బండి తీసుకెళ్ళిన ప్రతిసారీ తిట్లు తినేవాడిని. "క్లచ్ మీద కాలు ఆనిచ్చి తోలతాండావబ్బీ. అదేమన్నా కాలు పెట్టుకునే పీటా?" అనేవాడు. తిడుతూనే టీ గ్లాసు చేతికిచ్చేవాడు.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చి పడ్డాక మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, కుటుంబంతో సౌదీకి వెళ్ళిపోయాడు. బస్సు తాళం నా దగ్గరే ఉండిపోయింది. ఇళ్ళలో పనిచేసే కడప వైపు ఆడవాళ్ళు, యజమానులు వదిలి వెళ్తే దిక్కు తోచక మా గదుల దగ్గరికి చేరారు. అందరం ఇరాక్ మీదుగా జోర్డాన్ దాకా పోదామనుకున్నాం. తీరా చూస్తే క్లచ్ జారుతోంది. ఇంజన్ అరుస్తుందే గాని బస్సు కదలదు. కొత్త సామాను కొందామంటే దుకాణాలన్నీ మూసేశారు.

ఖాదరన్న క్లచ్ దింపి, స్ప్రింగులు ఒక్కొక్కటే బల్ల మీద నిలబెట్టాడు. సగం వేడికి నీలం తిరిగి పొట్టివైపోయాయి. తర్వాత బయట ఉన్న తన చిన్న లారీ కిందికి దూరాడు. అదీ మా బస్సూ ఒకే రకం ఇంజన్ బండ్లు. ఆ లారీలో పనిముట్లన్నీ వేసుకుని మర్నాడు తాను బయల్దేరాలనుకున్నాడని నాకు తెలుసు.

"అన్నా, మరి నీ బండి?" అన్నాను.

"దాంట్లో ఇంతమంది పడతారా? ఆ స్పానరు ఇట్లియ్యి."

తన స్ప్రింగులన్నీ వేసి చూస్తే పట్టు మరీ గట్టిగా వచ్చి, బస్సు ఒక్కసారిగా దూకింది. నాకు సంతోషమైంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎడారిలో ఇట్ల దూకితే చక్రం ఇసకలో కూరుకపోతాది. దూకగూడదు, పాకుతా పోవాల." మళ్ళీ దింపి, మావాటిలో బాగున్నవి కొన్ని, తనవి కొన్ని, ఎదురెదురుగా జత కుదిర్చి బిగించాడు. సాయంత్రానికి బస్సు మెత్తగా కదిలింది. "యల్లా, ఇంక జనాన్ని ఎక్కించు," అన్నాడు.

సైనికులు ఆపిన ప్రతిచోటా, జోర్డాన్ సరిహద్దు దగ్గర ఎండలో అంగుళమంగుళం జరిగిన వరుసలోనూ ఆ క్లచ్ మమ్మల్ని వదల్లేదు. పనిముట్లను గ్యారేజీలోనే వదిలేసిన ఖాదరన్న, నా పక్కన నిలబడే వచ్చాడు, నా ఎడమకాలి వంక చూస్తూ.

యుద్ధం ముగిశాక ఇద్దరం తిరిగి కువైట్ వెళ్తే గ్యారేజీ బయట లారీ లేదు, లోపల పనిముట్లూ లేవు. "బాధగా లేదా అన్నా?" అని అడిగాను.

"ఉండాది. లేకుండా యాడికి పోతాది?" అని, చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మిగిలింది ఇంకొకరికి పెట్టడం నాకు మా ఇంట్లోనే నేర్పారు. వాడుకలో ఉన్నదాన్ని విప్పి ఇవ్వడం మాత్రం ఖాదరన్న దగ్గరే చూశాను. అది ప్రతిసారీ నాకు చేతకాదు. కాని ఎవరైనా సాయమడిగితే, "నా దగ్గర మిగల్లేదు" అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.