ఆగు, అదే చెప్తాది

మొన్న ప్రొద్దుటూరులో టైలరు కొట్లో కుట్టుమిషన్ చప్పుడు విని, మిషన్ నూనె వాసన ముక్కుకు తగిలేసరికి హుసేన్‌బీ అక్క గుర్తొచ్చింది. మా అబ్బాయి శీనుకు చొక్కా కుట్టించడానికి వెళ్ళాం. వాడికి ఇరవై ఆరేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. టైలరు కొలతలు వాడికి తీసి, ప్రశ్న మాత్రం నన్ను అడిగాడు: "జేబు ఒగటి పెట్టాల్నామ్మా, రెండా?" జవాబు నోటి దాకా వచ్చేసింది. నాలుక కరుచుకుని, "వాణ్ణే అడుగప్పా" అన్నాను. శీను ఆలోచనలో పడ్డాడు. టైలరు గోడ గడియారం వైపు చూశాడు.

జమ్మలమడుగులో మేం అద్దెకున్నప్పుడు పక్కిల్లు అక్కది. భర్త కువైట్‌లో ఉండేవాడు, ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. కూతురు నూర్జా కూడా మా శీను లాంటిదే. అప్పటికి దానికి పదిహేనేళ్ళు, శీనుకు ఏడాది. నేను వాణ్ణి వాకిట్లోకి తేవడం మానేసిన రోజులవి. చూసినవాళ్ళంతా "పాపం, వాడికేం తెలుసు" అనేవాళ్ళు. వాళ్ళను అనుకోవడం దేనికి, నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒకరోజు అక్క నేరుగా ఇంట్లోకొచ్చి, వాణ్ణి చంకనేసుకుని పోయి తన మిషన్ పక్కన కూర్చోబెట్టింది. "బిడ్డను దాచిపెట్టేదేంది పద్మా, దొంగసొమ్మా?" అంది.

నూర్జాను ఎవరేమడిగినా నూర్జాయే చెప్పాలి. అది ఆ ఇంటి నియమం. ఆ పిల్ల మాట కూడదీసుకునే లోపల పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ఒకసారి నేను "తిన్నావా నూర్జా?" అని అడిగి, ఆగలేక "తినే ఉంటాదిలే" అన్నాను. అక్క మిషన్ ఆపేసింది. "ఆగు, అదే చెప్తాది. ఆగేకి చేతగాకుంటే అడగొద్దు" అని కసిరింది. నా మొహం మాడిపోయింది. నూర్జా తీరిగ్గా చెప్పింది: "తిన్లా. మీ ఇంట్లో ఏముంది?"

పార్టీల కక్షలు గడపల దాకా వచ్చిన కాలం అది. ఎలక్షన్ల మర్నాడు మధ్యాహ్నం, పోలింగు బూత్‌లో ఏజెంటుగా కూర్చున్న ఒకతను వగరుస్తూ అక్క ఇంట్లోకి దూరాడు. అక్క మారు మాట్లాడకుండా అతణ్ణి వంటింట్లోకి తోసి తలుపేసింది. వెనకే కొడవళ్ళతో నలుగురు వచ్చారు. నేను శీనును ఎత్తుకుని మిషన్ పక్కన బిగుసుకుపోయాను. గుమ్మంలో నూర్జా కూర్చుని ఉంది.

"పాపా, ఈడికి ఎవరన్నా వచ్చినారా?" అన్నాడు వాళ్ళలో ఒకడు. నూర్జా నోరు తెరిచింది. మాట కూడదీసుకుంటోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"దాన్నేం అడుగుతాండారప్పా, అది పిచ్చిది. దానికేం తెల్దు" అంది అక్క.

వాళ్ళు వెంటనే నమ్మారు. నమ్మకేం, లోకమంతా అనే మాటే కదా! పక్క సందులోకి పరుగెత్తారు. ఒక మనిషి ప్రాణం నిలిచింది.

సాయంత్రం అతను వెళ్ళిపోయాక చూస్తే నూర్జా గోడవైపు తిరిగి కూర్చుంది. అన్నం ముట్టలేదు. "నాకు తెల్సు" అంది.

"ఏం చెప్దామనుకుంటివి తల్లీ?" అని అడిగి అక్క ఆగింది. నేనూ ఆగాను.

"ఎవరూ రాలేదు అని."

అక్క దాని ముందు కూర్చుంది. పదిహేనేళ్ళు ఆగిన మనిషి ఆ ఒక్కసారి ఆగలేదు. అది తప్పని నేననను, నేనైతే ఇంకా ముందే అరిచేదాన్ని. ఆమె మాత్రం కూతురి రెండు చేతులూ పట్టుకుని, "తప్పయింది బిడ్డా. నీకు తెల్సు. నాకే తెల్దు" అంది. కన్నతల్లి కూతురికి అలా తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఒళ్ళో ఉన్న శీనును చూసి సిగ్గుతో ఏడ్చాను.

అక్క పోయి చాలా ఏళ్ళయింది. నూర్జా ఎర్రగుంట్లలో మేనమామ ఇంట్లో ఉంటోంది. వెళ్తే ఇప్పటికీ ముందు నా సంచి వైపే చూస్తుంది. అక్క నుంచి నేను నేర్చుకున్న పని ఒక్కటే, ఆగడం. అదీ ప్రతిసారీ చేతకాదు.

టైలరు మళ్ళీ గడియారం చూశాడు. అప్పుడు చెప్పాడు శీను: "రెండు. ఒగటి నాకు. ఒగటి మాయమ్మ కండ్లద్దాలకు."

నేనే చెప్పి ఉంటే, ఒకటి చాలనేదాన్ని.