మగ్గాలు నిలిచిన ఆట

తిరుపతిలో మేముండే ఇంటి పై వాటాలో నలుగురు కాలేజీ పిల్లలు అద్దెకుంటారు. మంచి పిల్లలే, కానీ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వచ్చిందంటే వాళ్ళకు పూనకం వస్తుంది. పోయిన వారం పొద్దున కాఫీ వేళకు ఇంటికప్పు ఊడి నెత్తిన పడేంత గోల చేస్తుంటే, నాలుగు చీవాట్లు పెడదామని మెట్లెక్కాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. వెనకాల ముగ్గురుంటే చాలని ఒకడు, ఐదుగురు లేకపోతే కొంప మునుగుతుందని ఇంకొకడు. నలభై ఏళ్ళ కిందట మా అరుగు మీద విన్న తగాదా పొల్లుపోకుండా అదే. వాళ్ళలో ఒకడు నన్ను చూసి, "మీకు ఫుట్‌బాల్ తెలుసా ఆంటీ?" అన్నాడు. ఆ అడగడంలో ఉన్న జాలికి నాకు ఒళ్ళు మండింది. బ్రెజిల్, ఫ్రాన్సు ఆడిన ఫలానా ఆటలో ఆఖరి తన్నులు మా మామ చూడలేకపోవడానికి సగం కారణం నేనేనని చెప్పాను. వాడు ఫోను మీద వేలు నాలుగుసార్లు అటూ ఇటూ జరిపి, "ఇదేనా? మీకు పంపించేశాను, చూసుకోండి" అన్నాడు. అంతే! దాని కోసం మేము పడిన పాట్లు తలచుకుంటే ఆ పిల్లాడి మీద ఊరికే కోపం వచ్చింది. చీవాట్ల సంగతి మరిచిపోయి కిందికి వచ్చేశాను.

అప్పుడు మేము నగరిలో ఉండేవాళ్ళం. మా వీధిలో ఇంటింటికీ కరెంటు మగ్గాలే. తెల్లవారి మొదలైతే ఆ చప్పుడు గోడలకు, గిన్నెలకు, పళ్ళకు కూడా పాకేది. ఆ మోతలో మాట వినపడదు కనుక అందరూ సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళు. అన్నానికి ఒక సైగ, దారం తెగితే ఒక సైగ, మద్రాసు లారీ వస్తే ఒకటి. అన్నింటికంటే పెద్ద సైగ చావుది. ఎవరైనా పోతే ఇంటి పెద్ద వీధిలోకి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి మెల్లగా దించి, తల వంచి నిలబడేవాడు. చూసినవాడు తన మగ్గం ఆపి, పక్కింటి గడపలో నిలబడి అదే సైగ చేసేవాడు. రెండు నిమిషాల్లో వీధి వీధంతా నిశ్శబ్దమైపోయేది. శవం లేచేదాకా మళ్ళీ మగ్గం ఆడదు. పండగైనా పబ్బమైనా ఒకరి మగ్గం ఆగితే ఇంకొకరిది ఆడుతుండేది. అన్నీ ఒక్కసారిగా ఆగడమనేది చావుకు మాత్రమే ఇచ్చే మర్యాద.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మద్రాసు మిల్లులో కొన్నేళ్ళు పనిచేసి, అక్కడ బంతాట నేర్చుకుని, ఒక చెడిపోయిన మోకాలితో, బ్రెజిల్ పిచ్చితో మా ఇంటికి తిరిగొచ్చాడు. నాయన నాలుగు మగ్గాల్లో రెండు ఆయనే చూసేవాడు. చూసేవాడు అనడం నా మర్యాద. నేను డిగ్రీ రెండుసార్లు తప్పి ఇంట్లో మగ్గంలో అడ్డంగా ఆడే నాడెకు పెట్టే దారపు కండెలు చుడుతుండేదాన్ని. చుట్టిన కండెలు చుట్టినట్టే తీసుకుపోయి మామ అరుగు మీద జట్లు పేర్చేవాడు. పసుపుపచ్చ దారం కండెలు బ్రెజిల్, నీలివి ఎదుటి జట్టు. మధ్యలో గోలీకాయ బంతి. ఎదురింటి చిన్నాయన, అంటే మా నాయనకు వరుసకు తమ్ముడు, నీలి కండెల వైపు కూర్చునేవాడు. ఆయనకు ఏ దేశం మీదా ప్రేమ లేదు, మామ ఓడితే చాలు. "ముందు నీ ఇల్లు సూసుకో అప్పా, ఎనకాల నలుగుర్ని నిలబెట్టు. అందరూ గోలు కొట్టే దానికి పోతే ఇంటికి కాపలా ఎవురు?" అనేవాడు. మామకు చిర్రెత్తుకొచ్చేది. "పడుగు బిగువుగా ఉండాదని ఊరికే సూస్తా కూసుంటే గుడ్డవుతుందా బావా? నాడె ఆడల్ల! ఆ కొస నుంచి ఈ కొసకు ఆడతా ఉండల్ల!" అనేవాడు. ఈ లోపల లోపలి మగ్గంలో పచ్చదారం అయిపోయేది. బ్రెజిల్ సగం జట్టును పెరికి మగ్గంలో వేసుకునే పని నాది, తిట్లు తినే పని కూడా నాదే.

ఆ ఏడు ప్రపంచ కప్పుకు ముందే నాయన టీవీ కొన్నాడు, నలుపూ తెలుపూ. మద్రాసు వైపు తిప్పిన యాంటెన్నా మా మిద్దె మీద కొబ్బరి చెట్టుకు పోటీగా నిలబడింది. బొమ్మ వచ్చేది, కానీ మా వీధి మగ్గాలన్నీ ఆడుతుంటే ఓల్టేజి చచ్చిపోయి, తడిపి ఆరేసిన కొత్త గుడ్డలాగా కుదించుకుపోయేది. అందుకని బూస్టరు అనే ఇనప పెట్టె తెచ్చారు. దాని ముఖాన ఒక గుండ్రటి పిడి, చుట్టూ అంకెలు. కరెంటు తగ్గితే పిడి పైకి తిప్పాలి. మగ్గాలు ఆగి కరెంటు పెరిగితే, ఆ క్షణమే కిందికి తిప్పాలి, లేకపోతే టీవీ కాలిపోతుందని కొట్టువాడు నాయనకు ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. మామ చేయి నిలకడ లేనిది కనుక ఆ పిడి ఉద్యోగం నాకిచ్చారు. ఆట చూడ్డానికి కరెంటు కావాలి, కరెంటు ఉన్నంతసేపూ మగ్గం ఆడాలి, మగ్గం ఆడితే ఆట కనపడదు. ఇంతకంటే దిక్కుమాలిన ఏర్పాటు ఇంకెక్కడైనా ఉంటుందా?

బ్రెజిల్, ఫ్రాన్సు ఆట మనకు అర్ధరాత్రి. మా వీధికి రాత్రి పది దాటితే కరెంటు కోత. మరుసటి సాయంత్రం టీవీలో మళ్ళీ వేస్తారని తెలిసి, మామ నాలుగు రోజుల ముందు నుంచే ఇల్లిల్లూ తిరిగాడు, ఆ కాసేపు మగ్గాలు ఆపమని. ఒక్కరూ ఒప్పుకోలేదు. అందరికంటే గట్టిగా వద్దన్నది మా నాయనే. "సావుకు నిలిపే మగ్గాలప్పా ఇవి. బంతాటకు నిలుపుతారా? పొద్దునకు లారీ వస్తాది, గుడ్డకు నువ్వు జవాబు సెప్తావా?" అన్నాడు. ఆట మళ్ళీ వేసే రోజు పొద్దున్నుంచీ మామ చెవుల్లో దూది పెట్టుకుని, "ఎవురు గెలిసినారో నాకెవురూ సెప్పొద్దండి" అని అందరినీ బతిమాలాడు. నాయన, నేను పేపరు చూశాం. బ్రెజిల్ ఓడిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని పేపరు బియ్యం డబ్బా వెనకాల దాచాం. చిన్నాయన కూడా చూశాడు. పాపం, ఆయన కూడా ఆ రోజు నోరు మెదపలేదు.

ఆట మొదలైంది. వీధిలో మగ్గాలన్నీ ఆడుతూనే ఉన్నాయి. నేను పిడి ఆఖరి అంకెకు తిప్పి పట్టుకున్నా బొమ్మ అరచేయంతే. బంతి కనపడేది కాదు, మనుషులు పరిగెత్తే వైపును బట్టి ఊహించుకోవడమే. వ్యాఖ్యానం మగ్గాల మోతలో కలిసిపోయింది. బ్రెజిల్ ముందు గోలు కొట్టింది. ఫ్రాన్సు సమం చేసింది. చేతికొచ్చిన పెనాల్టీని బ్రెజిల్ వృథా చేసుకుంది. మామ నేల మీద కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. ఆఖరికి పెనాల్టీలతో తేల్చుకునే దాకా వచ్చింది. మొదటి తన్నే బ్రెజిల్ వాడు పోగొట్టాడు. తర్వాత ఫ్రాన్సు వాళ్ళలో అందరికంటే పెద్ద ఆటగాడు బంతిని గోలు మీదుగా ఆకాశానికి తన్నేశాడు. మళ్ళీ సమానం! ఇరువైపులా ఒక్కో తన్ను మిగిలింది. మామ మోకాలి నొప్పి మరిచిపోయి ఎగిరాడు. ఓడిపోయిన ఆటని తెలిసి కూడా నేను ఎగిరాను. సరిగ్గా అప్పుడే బొమ్మ ఇంకా చిక్కి, చారలు చారలుగా జారిపోవడం మొదలుపెట్టింది. మామ టీవీ ముందు మోకరిల్లి, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అని దాన్ని బతిమాలుతున్నాడు.

నాయన మగ్గాల గది గడపలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది. చిరాకు, జాలి రెండూ కలిసిపోయి, దేన్ని బయటపెట్టాలో తెలియని ముఖం. ఉన్నట్టుండి మా మగ్గాలు ఆపి, భుజం మీది తువ్వాలు తీసి, గబగబా వీధిలోకి వెళ్ళాడు. మగ్గాలు అన్నీ ఒక్కసారిగా ఆపించే సైగ ఆయనకు ఒక్కటే తెలుసు. రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా దించి, తల వంచి నిలబడ్డాడు.

ఎదురిల్లు ఆగింది. దాని పక్కది ఆగింది. వీధి ఆ చివరి దాకా ఆగిపోయింది. బొమ్మ ఒక్కసారిగా తెర నిండా పరుచుకుంది. నా జన్మలో అంత తెల్లటి వెలుగు టీవీలో చూడలేదు. బ్రెజిల్ వాడు బంతిని కింద పెట్టి వెనక్కి నడుస్తున్నాడు, వాడి వీపు మీది అంకె కూడా కనపడుతోంది. ఎంత బాగుందో అని చూస్తూ ఉండిపోయాను. నా చేతిలో పిడి ఆఖరి అంకె మీదే ఉండిపోయింది. టప్‌మని ఒక చప్పుడు, వెనకాల నుంచి పొగ, కాలిన లక్క వాసన. అంతా చీకటి.

అంతలోనే వీధి వాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చేశారు. ఆడవాళ్ళు కొందరు అప్పటికే ఏడుపు మొదలుపెట్టారు. "ఎవురప్పా పోయింది?" అని చిన్నాయన రొప్పుతూ అడిగాడు. మా అమ్మ టీవీ వైపు చేయి చూపించి, "అదో, ఆయమ్మే" అంది. వచ్చిన వాళ్ళు మమ్మల్ని తిట్టిన తిట్లు రాయకూడదు. అందరూ బతికుండగా చావు సైగ చేసినందుకు నాయన వారం రోజులు వీధిలో తలెత్తలేకపోయాడు. నేను మామ పక్కన కూలబడి, పిడి తిప్పడం మరిచిపోయానని ఏడ్చాను. పోనీ, అసలు సంగతైనా చెప్పేద్దామని, "మామా, బ్రెజిల్..." అన్నాను.

"తెలుసు లే మే," అన్నాడు మామ. "పొద్దున బస్సులో నుంచి పేపర్లు దించేటప్పుడే సూసినా."

"మరెందుకు మామా ఇంత అవస్థ?"

"ఓడినారని తెలుసు. యాడ ఓడినారో సూడల్ల గదా. గుడ్డ సినిగిందని సెప్తే నేసినోడికి సాలునా? పోగు యాడ తెగిందో సూడకుంటే ఎట్ల మే?"

ఆ తర్వాత మామ చాలా ఆటలు చూశాడు, రంగుల టీవీలో కూడా. ఆ ఒక్క తన్ను మాత్రం మళ్ళీ ఎక్కడా దొరకలేదు. మా వీధి మగ్గాలు ఒక్కొక్కటే పాత ఇనుముకు పోయాయి. మామ పోయిన రోజు, ముసలితనంలో నాయన కర్ర పక్కన పడేసి వీధిలోకి వచ్చి, అలవాటు చొప్పున రెండు చేతులూ పైకెత్తి దించాడు. ఆపడానికి ఒక్క మగ్గం లేదు. వీధి అప్పటికే నిశ్శబ్దంగా ఉంది. నాయన ఆ నిశ్శబ్దాన్ని చూసి ఏడ్చినంతగా మామ శవం దగ్గర కూడా ఏడవలేదు.

నిన్న మధ్యాహ్నం ఫోను తెరిచి ఆ ఆట చూశాను. రంగుల్లో ఉంది. పచ్చ చొక్కాలు మా కండెల రంగే. బ్రెజిల్ వాడు బంతిని కింద పెట్టి వెనక్కి నడిచాడు. నాకు తెలియకుండానే నా కుడి చేయి గాలిలో పిడి కోసం వెతికింది. వాడు పరిగెత్తుకొచ్చి తన్నాడు. బంతి గోలు గుంజకు తగిలి పక్కకు పోయింది. "ఈడ మామా, ఈడ తెగింది పోగు" అని పైకే అన్నాను. ఇంట్లో ఎవరూ లేరు. పోగు ఎక్కడ తెగిందో కాలం ఎప్పటికైనా చూపిస్తుంది, చూడాలని కూర్చున్నవాడు లేచి వెళ్ళిపోయాక చూపించడమే దానితో వచ్చిన చిక్కు.