నకలు అన్నందుకు

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేశాను. దూరపు ఊళ్ళో పరిశోధనకు సీటు వచ్చింది, ఇక నాన్న సరేననాలి. ఆ ఏడే మా పత్తి చేను నిలువునా ముంచింది. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయ మాత్రం పట్టలేదు. విత్తనాలు నకిలీవని ఊరంతా తేల్చుకునేసరికి అదను దాటిపోయింది.

అలాంటి ఇంట్లో నా చదువు గురించి చెప్పాల్సి వచ్చింది.

"ఏం చేస్తారమ్మా అక్కడ?" అన్నాడు నాన్న.

నాకేమో తెలుగులో చెప్పి మెప్పించాలని ఉబలాటం. కొన్ని పదార్థాల లోపల జరిగేదాన్ని లెక్కగట్టబోతే ఎంత పెద్ద కంప్యూటరైనా చేతులెత్తేస్తుందన్నాను. అందుకని మన చేతికి లొంగే కొన్ని పరమాణువులతో ఆ పదార్థానికి నకలు తయారుచేస్తారన్నాను. దాన్ని నడపడానికి రెండు దారులున్నాయి. అనలాగ్ అంటే వాటి మానాన వాటిని సాగనివ్వడం. డిజిటల్ అంటే మనమే ఒక్కో అడుగూ వేయించడం. నాకు ఆ రెండూ కలపాలని ఉంది. పైరును దాని మానాన ఎదగనిచ్చి మధ్యమధ్య మందు కొట్టినట్టు, అని కూడా అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాన్న మొహం మాడిపోయింది.

"నకిలీ సరుకు చేయడం నేర్పుతారా?"

"నకిలీ కాదు నాన్నా, నకలు."

"రెంటికీ తేడా ఏంటంట?"

నాకు ఒళ్ళు మండింది. "అసలుదాన్ని అర్థం చేసుకోవడానికేగా ఇదంతా!"

"మరి అది అసలుదానిలాగే నడుస్తదని ఎట్టా తెలుస్తది?"

చిన్నవాటిని లెక్కతో సరిచూస్తారు, పెద్దవాటికి పూర్తిగా ఆ వీలుండదు. ఉన్నమాటే చెప్పాను. ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

నాన్న తల అడ్డంగా ఊపాడు. నాకు మరీ చిర్రెత్తుకొచ్చింది. విసురుగా లోపలికెళ్ళి సీటు కాగితం తెచ్చి చేతిలో పెట్టాను.

"పోనీ, ఇది చూడు. ముద్ర కూడా వేశారు."

నాన్న ఆ ముద్రను బొటనవేలితో తడిమాడు.

"విత్తనాల సంచి మీదా ఉందమ్మా ముద్ర."

నాకు భయమేసింది. అంతవరకూ నా చదువు ఆయనకు అర్థం కాలేదనే అనుకున్నాను. కళ్ళెదుట పెట్టినదాన్ని కూడా నమ్మలేని మనిషితో వాదిస్తున్నానని అప్పుడు తెలిసింది.

చదువుకు బయల్దేరిన రోజు బస్సెక్కించడానికి నాన్నే వచ్చాడు. వేళకు తినమన్నాడు, ఉత్తరం రాయమన్నాడు. నమ్మి పంపాడని నేను ఏనాడూ అనుకోలేదు. వద్దనే ఓపిక లేక పంపాడు.