గార్డా సరస్సు ఫొటో, ఎడమ అంచు

2025 మార్చి 9, ఆదివారం, నోవై, అమెరికా. హాజరు: నేను, నా భార్య, మా అమ్మాయి కూతురు, ఎదురింటాయన. అమ్మాయి, అల్లుడు ప్లేనో ఊళ్లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లారు. వాకిట్లో మంచు ఇంకా కరగలేదు. వేసవి కోసం ఇక్కడ అందరూ గడియారాలు గంట ముందుకు జరుపుకునే రోజు అది. ఆ సంగతి మరిచిపోయి ఎదురింటాయన తొమ్మిదింటి కాఫీకి పదింటికి వచ్చాడు.

ముందు తేదీ, తర్వాత హాజరు, ఆ తర్వాత జరిగింది. డైరీ రాయడంలో ఇది నా పద్ధతి. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు తనిఖీ ఇంజనీరుగా చేశాను, ఇంకో నియమం అక్కడ అబ్బింది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీస్తాను. కళ్లతో చూసింది ఒక పక్క, ఎవరైనా చెప్పగా విన్నది రెండో పక్క.

ఎదురింటాయనకు ఎనభై ఏళ్లు. జర్మనీలో పుట్టాడు. తండ్రి పోయాక తల్లితో చిన్నప్పుడే ఇక్కడికి వచ్చాడు. తొమ్మిదేళ్లుగా ఆదివారం కాఫీ మా ఇంట్లోనే. నన్ను ‘ఇన్‌స్పెక్టర్’ అంటాడు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగుతాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మనవరాలికి పదహారు. స్కూల్లో చరిత్ర వ్యాసాల పోటీకి రాస్తోంది, సోమవారం ఉదయం ఇచ్చేయాలి. నాజీలు జర్మనీలో అధికారంలోకి రాకముందు, వాళ్ల పార్టీ దళాల్లోని కొందరు కేసుల్లో ఇరుక్కుని సరిహద్దు దాటి పారిపోతే, ఫాసిస్టు ఇటలీ వాళ్లకు నీడ ఇచ్చింది. గార్డా సరస్సు ఒడ్డున వాళ్లకో శిబిరమే ఉండేదట. 1933లో పార్టీ గద్దె ఎక్కాక తిరిగి వెళ్లారు. తన పాఠ్యపుస్తకంలో ఈ సంగతి లేదని మనవరాలు ఏరికోరి దీన్ని ఎంచుకుంది.

ఆ ముందు వారం ఆమె నోట గార్డా అనే మాట విని, “అది నా డైరీలో ఉంది” అన్నాను. గొప్పకే అన్నాను. నా డైరీలకు విషయసూచిక ఉంది, రెండు నిమిషాల్లో పేజీ తీశాను. ఏడేళ్ల కిందటిది. ఎదురింటాయన తన తండ్రి ఫొటో చూపించిన రోజు. విన్న పక్క ఒకటే వాక్యం: తండ్రి వయసులో ఉండగా ఇటలీలో ఒక హోటల్లో వడ్రంగం చేశాడు. చూసిన పక్క ఎక్కువే ఉంది: రాతి రేవు, వెనక సరస్సు, కొండలు. పన్నెండు మంది మగవాళ్లు, అందరికీ ఒకే రకం చొక్కా. ఫొటో వెనక పెన్సిలుతో గార్డా, 1932. మూడు వైపుల తెల్ల అంచు ఉంది. ఎడమ వైపు లేదు, కత్తెరతో కోసేసి ఉంది.

నేను చదువుతుంటే మనవరాలు రాసుకుంది. తీసుకెళ్లి వ్యాసం చివర పెట్టింది. ఆ ఫొటో ఎవరిదైతే ఆయన్ని ఒక మాట అడగాలని నాకు తట్టలేదు.

ఆదివారం ఆయన కాఫీ సగం తాగేలోపు ఆమే అడిగేసింది.

“అంకుల్, మీ నాన్నగారి ఫొటో స్కాన్ చేసుకోవచ్చా? నా పేపర్‌కి.”

“ఏ ఫొటో?”

“సరస్సు దగ్గర తీసింది. ఆయన ఆ శిబిరంలో ఉన్నారని రాశాను.”

“ఆయన హోటల్లో వడ్రంగి.”

“పన్నెండు మంది వడ్రంగులా? ఒకే చొక్కాల్లో?”

“ఇటలీలో హోటళ్లు పెద్దవమ్మా.”

“మరి ఎడమ వైపు ఏం కోసేశారు?”

ఆయన మొహంలో అంతదాకా ఉన్న నవ్వు పోయింది. నా వైపు తిరిగాడు.

“మా నాన్న ఫొటో కూడా తనిఖీ చేశావా, ఇన్‌స్పెక్టర్?”

కప్పు బల్ల మీద పెట్టి కోటు తొడుక్కున్నాడు. నా భార్య ఉప్మా గిన్నెతో వంటింట్లోంచి వచ్చేసరికి తలుపు మూసుకుంది.

“మీ రాతల పిచ్చి తగలెయ్య,” అంది నాతో. “ఇంటికొచ్చిన మనిషి ఫొటోలకి అంచులు కొలుస్తారటండీ ఎవరైనా?”

మనవరాలు లాప్‌టాప్ మూసి, “అది నిజమే కదా తాతయ్యా? ఆ పార్ట్ తీసేస్తే నా పేపర్‌లో కొత్తది ఏం లేదు. మిగతాదంతా లైబ్రరీ బుక్సే,” అంది.

“ఆయన్ని అడక్కుండా రాశాం కదమ్మా.”

“నువ్వు కూడా అడగలేదు. నాకు చూపించింది నువ్వే.” లాప్‌టాప్ మళ్లీ తెరిచి, “ఆయన నో అంటే డిలీట్ చేస్తా, ప్రామిస్. కానీ నువ్వే వెళ్లి అడుగు,” అంది.

మధ్యాహ్నం మూడింటికి డైరీ పట్టుకుని రోడ్డు దాటాను. ఆయన లోపలికి రమ్మన్నాడు గాని కూర్చోమనలేదు. నిలబడే, పేజీ మొత్తం ఇంగ్లీషులో చదివి వినిపించాను. మనవరాలికి చదవని చివరి వాక్యం కూడా చదివాను: “చూపిస్తున్నంతసేపూ ఎడమ అంచు మీద బొటనవేలు పెట్టి ఉంచాడు. నా చేతికి ఇవ్వమంటే కాస్త ఆగి ఇచ్చాడు.”

“అది కూడా రాశావా?”

“చూశాను కాబట్టి చూసిన పక్క రాశాను.”

“నేను అబద్ధం చెప్పానని ఏ పక్క రాశావు?”

“ఎక్కడా రాయలేదు. హోటల్ మాట విన్న పక్క ఉంది. అక్కడే ఉంటుంది.”

“మీరు చింపమంటే ఈ పేజీ చింపేస్తాను,” అన్నాను. యాభై రెండేళ్ల డైరీల్లో నేను ఒక్క పేజీ చింపలేదు. ఆ మాట అనేసి, పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

“ఇంటికి వెళ్లు,” అన్నాడు.

వచ్చి మనవరాలికి జరిగింది చెప్పాను, అది కాదన్నట్టే అనుకున్నాం. మాట ప్రకారం ఆ భాగం తీసేసింది. నేను చూస్తుండగానే తీసింది. తర్వాత అన్నం పళ్లెం పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు సోమవారం. ఆరున్నరకు బెల్ మోగింది. ఎదురింటాయన మంచు బూట్లతో గుమ్మంలో ఉన్నాడు, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఫొటో. బూట్లు విప్పి లోపలికి వచ్చి, నేరుగా మనవరాలి ముందు కూర్చున్నాడు.

“మా అమ్మ కోసింది,” అన్నాడు. “ఇక్కడికి ఓడ ఎక్కే ముందు, వంటింట్లో. నాకు ఎనిమిదేళ్లు. కోసిన ముక్క పొయ్యిలో వేసింది. అందులో ఏముందో నేను చూడలేదు. పెద్దయ్యాక కూడా అడగలేదు. హోటల్ మాట ఆమె చెప్పిందే.”

“అయితే ఆయన శిబిరంలో ఉన్నారని రాయనా అంకుల్?”

“నీకు తెలుసా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు. కోసి ఉందని రాయి. ఎవరు కోశారో నేను చెప్పానని రాయి. అక్కడ ఆపు.”

నా వైపు చూశాడు. “పేజీ చింపావా?”

“లేదు.”

“చింపొద్దు. మా ఇంట్లో ఒకసారి జరిగింది చాలు. వెళ్లి నీ స్కేలు తీసుకురా, పిల్లకి కొలత కూడా కావాలేమో.”

తెచ్చాను. ఆయన ఫొటోను బల్ల మీద పరిచి, ఈసారి కుడి అంచు మీద వేలు పెట్టి పట్టుకున్నాడు. స్కేలు పక్కన ఉంచి మనవరాలు ఫోన్‌తో ఫొటో తీసింది. నిలబడే నాలుగు వాక్యాలు టైప్ చేసి, ఆయనకు చదివి వినిపించింది. ఒక చోట ‘బహుశా’ తీసేయమన్నాడు. తీసేసి, లంచ్ డబ్బా మరిచిపోయి బస్సుకి పరిగెత్తింది. నా భార్య డబ్బా పట్టుకుని వాకిలి చివరిదాకా వెళ్లి అందించి వచ్చింది.

తర్వాత ఆయనకు కాఫీ పెట్టింది. నేను డైరీ తీసి తేదీ వేశాను. సోమవారం హాజరులో ఎదురింటాయన్ని రాయడం అదే మొదటిసారి.