ఇంటి కింద చలి

ఉత్తరాన మంచుదేశంలో, లేనా నది ఒడ్డున ఆ ఊళ్ళో సగం ఇళ్ళు వడ్రంగి బైబల్ చేతుల మీద లేచినవే. ఎండాకాలంలో కూడా లోపల గడ్డకట్టే ఉండే నేలలో దుంగలు పాతి, వాటి మీద ఇల్లు నిలబెట్టి, కింద మోకాలెత్తు ఖాళీ వదిలేవాడు. చలికాలమంతా ఆ ఖాళీలో గాలి ఆడితేనే కింది నేల రాయిలా ఉంటుంది, లేదంటే ఇంటి వేడికి కరిగి దుంగలు కుంగిపోతాయి. వెచ్చగా ఉంటుందని ఎవరైనా దాన్ని మూశారో, పార పట్టుకుని వెళ్ళి, వాళ్ళ గుమ్మంలోనే నాలుగు చీవాట్లు పెట్టి మరీ తెరిపించేవాడు. అంత మొండిఘటం.

సొంతింట్లోనూ పొయ్యి అంతంత మాత్రమే. "గదిలో ఎంత వేడి నింపితే అంత జోరుగా కిందికి కారిపోద్దే. నిండు బకెట్టుకి చిల్లు పడితే ధార ఎట్టా కొడుద్ది? అట్టా" అనేవాడు. పెళ్ళాం మాప్పా బొచ్చు బూట్లు విప్పకుండానే అతనితో కాపురం ఈడ్చుకొచ్చింది.

అలాంటివాడికి ఓ చలికాలం ముంగిట పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మంచం పొయ్యి పక్కకి జరిపినా రోజంతా ఒకటే మాట. "మాప్పా, కాళ్ళు చల్లబడ్డాయే."

మాప్పాకి మనసాగలేదు. ఇంటి కింద ఖాళీకి పలకలు అడ్డం కొట్టి, ఎండుగడ్డి కూరుతుంటే పొరుగున ఉన్న ఓగ్దో చూసింది.

"ఒసే మాప్పా, నీకేమైనా పిచ్చా? నేనూ ఇట్టాగే మూశాను. నా ఇల్లు ఎట్టా కుంగి కూలిందో చూశావుగా! ఇప్పుడు అల్లుడి వంటింట్లో, పాలక్యాన్ల మధ్య పడుకుంటున్నా. నువ్వెక్కడ పడుకుంటావే? నీకు అల్లుడు కూడా లేడు."

"మా ఆయన ఉన్నాడక్కా. ముందు ఆయన్ని బతకనీ."

"ఆయనకి తెలిస్తే మంచం దిగొచ్చి మరీ తిడతాడు."

"దిగొస్తే అంతకన్నానా!" అంది మాప్పా, మేకు కొడుతూనే.

ఆ చలికాలమంతా పొయ్యి భగభగలాడింది. బైబల్ బుగ్గలకి రంగొచ్చింది. గుర్రపు మాంసం పులుసు రెండోసారి అడిగి తాగాడు. ఆ ఇంట్లో అంత సుఖం మాప్పా ఎప్పుడూ ఎరగదు. కానీ ఆ వేడి ఊరికే కూర్చోలేదు. నేల పలకల్లోంచి దిగి, కింద మంచుని కొంచెం కొంచెంగా తినేసింది. ఎండాకాలానికి ఉత్తరపు మూల దుంగ కుంగింది. తలుపు పట్టేసింది. మాప్పా ఆ తలుపు అంచు చెక్కింది, బల్ల కాలి కింద చెక్కముక్క పెట్టింది, మొగుడితో మాత్రం పెదవి విప్పలేదు.

మళ్ళీ చలి ముదిరాక, ఓ మధ్యాహ్నం ఆమె చేతిలోంచి బంగాళాదుంప జారి, గది ఈ చివర్నుంచి ఆ చివరకి తాపీగా దొర్లుకుంటూ పోయింది. బైబల్ దాన్నే చూశాడు.

"కింద మూశావా?"

మాప్పా వంగి బంగాళాదుంప ఏరుకుంది.

"ఎప్పుడు?"

"నువ్వు పడ్డప్పుడే."

తిడతాడనుకుంది. తిట్టలేదు. కప్పు దూలం ఎటు ఒరిగిందో పడుకునే కళ్ళతో కొలిచాడు.

"తీసెయ్. పొయ్యి కూడా తగ్గించు. నేల మళ్ళీ గట్టిపడితే మిగతా మూలలన్నా నిలబడతాయి."

"నీకు చలేస్తుందయ్యా."

"నాకు చలా? ఏడాదిగా ఉడికి చస్తున్నానే తల్లీ! నీ మొహం చూసి ఊరుకున్నా."

ఆ మాట అబద్ధమని మాప్పాకి తెలుసు. పలకలు ఊడబీకి, లోపలికొచ్చి పొయ్యి తగ్గించాక అతని పాదం పట్టుకుని చూసింది. మంచులోంచి తీసిన చేపలా ఉంది. గుడ్డలో వేడి ఇటుక చుట్టి పెడితే కుడికాలితో తోసేశాడు, "కాలుతోందే" అంటూ. అప్పుడైనా పొయ్యి రాజెయ్యాల్సింది. కానీ ఆమెకి ఓగ్దో పాలక్యాన్లు కళ్ళముందు మెదిలాయి. అతను అన్నమాట నమ్మినట్టు నటించింది. నమ్మడం ఆమెకీ అవసరమైంది మరి. దుప్పటి సర్ది, బంగాళాదుంపలు కోసుకోవడానికి వెళ్ళింది.

చలేస్తోందని బైబల్ మళ్ళీ అనలేదు. ఇల్లు ఇంక కుంగలేదు. కట్టెలు మిగిలాయి, చూరు దాకా పేర్చి అలాగే ఉన్నాయి. బయట ఉమ్మేస్తే నేల మీద పడకముందే గడ్డకట్టే రోజుల్లో బైబల్‌కి దగ్గు పట్టుకుంది. దగ్గు గుండెల్లోకి దిగింది. ఆ దగ్గుతోనే పోయాడు.

ఆ నేలలో శీతాకాలం గొయ్యి తవ్వాలంటే గడ్డపార దిగదు. ముందు మంట వేసి నేలని కరిగించాలి. తవ్వడానికొచ్చిన మగవాళ్ళు గుమ్మంలో నిలబడి, "వదినా, కట్టెలేమైనా ఉన్నాయా?" అని మెల్లగా అడిగారు.

మాప్పా చూరు వైపు చెయ్యి చూపింది. వాళ్ళు బండి నింపుకుని పోయారు. ఆమె కూడా వెళ్ళి, శ్మశానంలో ఆ మంట పక్కనే నిలబడింది. అవి బైబల్ చేతి కట్టెలే, పడిపోక ముందు చీల్చిపెట్టినవి. బాగా ఎండినవి కదా, భగభగా మండాయి. నేల ఆవిర్లు కక్కింది. మాప్పా బూట్లలో పాదాలు వెచ్చబడ్డాయి. ఆ వెచ్చదనం తగిలాక ఆమెకి ఏడుపు ఆగలేదు.

చాలాసేపటికి ఒకతను పారతో నిప్పులు పక్కకి లాగి, నేల పొడిచి చూశాడు. "చాలు వదినా, మెత్తబడింది. ఇంక తవ్వచ్చు."

"ఇంకో నాలుగు కట్టెలు వెయ్యండి నాయనా" అంది మాప్పా. "కాళ్ళు చల్లగా ఉంటే ఆయనకి నిద్ర పట్టదు."