కేదార్‌నాథ్‌కు మోసిన తడి చామంతులు

పుణ్యానికని బయలుదేరి, ఒక్క పూలమూటతో మొగుణ్ణి మంచం ఎక్కించిన ఘనత మొయినాబాద్ మండలం మొత్తంలో నాకొక్కదానికే ఉంది. ఇంకెవరైనా ఉంటే ముందుకు రండి, నా చేత్తోనే దండ వేస్తాను. నవ్వొస్తే నవ్వండి, అందుకే రాస్తున్నాను.

మాది హిమాయత్‌నగర్, పట్నంలోది కాదు, మా మండలంలోని ఊరు. ఎకరంలో చామంతి వేస్తాం. పూలు కోసి, గోనెలో కట్టి, వాడకుండా గంటగంటకూ నీళ్లు చల్లి పట్నం పంపడం నా పని. నీళ్లు చల్లడం నాకు ఊపిరి తీసినంత అలవాటు. వాడిన పువ్వును చూస్తే ఆకలితో ఏడ్చే పసిపిల్లను చూసినట్టుంటుంది.

ఆరేళ్ల కింద దసరా కాగానే మా ఊరివాళ్లు కొందరు కేదార్‌నాథ్ బయలుదేరితే మేమూ కలిశాం. మా ఇంటాయన యాదయ్యకు పెళ్లయిన నాటి నుంచీ ఒకటే పాట: "ఆ మంచుకొండ మీద మన చేను పూలు పెట్టాలే." సరేనని పెద్ద మూటే కట్టాను. రైల్లో చల్లాను, బస్సులో చల్లాను. పక్క సీటాయన ప్యాంటు మీద కూడా పడ్డాయి. ఆయన మాత్రం వికసించలేదు.

కొండ కింద గుర్రంవాడు మూట ఇమ్మన్నాడు. "దేవుని పూలు గుర్రం ఈపు మీదనా? నీకు బుద్ధున్నదా?" అని తెలుగులోనే తిట్టాను. వాడికి బాగానే అర్థమైంది, పోయాడు. యాదయ్య మూట నెత్తికెత్తుకున్నాడు.

ఆగిన ప్రతిచోటా ఆ మూట మీద నేను నీళ్లు కుమ్మరించడమే.

"గింత చలిల పూలెందుకు వాడుతయే? జర ఆపు."

"ముప్పై ఏండ్ల సంది పూలతోనే బతుకుతున్న. నాకు నేర్పుతవా?"

"మూట బరువైతున్నదే."

"వయసు నీకైతున్నది, మూటకు కాదు. నడువు."

నీళ్లు గోనెలోంచి ఆయన మెడ మీదికి, మెడ మీది నుంచి స్వెటర్ లోపలికి. పళ్లు టకటకలాడుతుంటే శివనామం జపిస్తున్నాడనుకున్నాను. నా తెలివి అట్లాంటిది.

ఊరివాళ్లు ముందుకు వెళ్లిపోయారు. చుట్టూ పొగమంచు. నిలువునా చీలిన ఒక బండ దగ్గర ఆయన కూలబడ్డాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. పక్కనే పసుపు బోర్డు. ఐదో తరగతి దాకా చదివిన ఆయనే మా ఇంటికి కళ్లు. నాకప్పుడు అక్షరమే కాదు, అంకె కూడా రాదు. బస్సును కూడా రంగు చూసి ఎక్కేదాన్ని.

"ఇంకెంత దూరమున్నదయ్యా?"

ఆయన బోర్డు వైపు చాలాసేపు చూశాడు. "ఎనిమిది కిలోమీటర్లు. సగమే అయింది."

"అయితే దిగుదాం పా. గీ సగం కొండ మొగోనితోని ఏడికి పోత?"

పూలన్నీ ఆ బండ మీదే గుమ్మరించి దిగాం.

పదిహేను రోజులు దగ్గుతూ పడుకున్నాడు. నేనేమో ఊరంతా చెప్పి నవ్వాను. 'సగం కొండ' ఆయన పేరే అయిపోయింది. చేవెళ్ల పోయే ఆటో ఎక్కితే చాలు, "ఏం యాదన్నా, సగం కొండా!" అనేవాళ్లు. "నా పెండ్లాం పెట్టిన పేరు, మంచిగనే ఉన్నది" అని వాళ్లతోపాటే నవ్వేవాడు. నాతో మాత్రం "మల్లొకసారి పోదామే" అనేవాడు. కోత ఉందని ఒకసారి, నాటు ఉందని ఒకసారి నేనే ఆపాను.

మూడేళ్ల కింద చేను గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. దవాఖానలో గుండె అన్నారు.

ఇంటి కళ్లు పోయాయి గనక, అరవై దాటాక మహిళా సంఘంలో పలక పట్టాను. మొన్న దసరా తర్వాత బిడ్డ సుజాతతో మళ్లీ ఆ కొండ ఎక్కాను. ఈసారి ఆయన తువ్వాలలో దోసెడు పొడి పూలు, అంతే. నీళ్ల సీసా నా చేతికి ఇవ్వొద్దని సుజాతకు ముందే చెప్పాను.

చీలిన బండ అట్లాగే ఉంది. అదే బోర్డు, అంచులు తుప్పు పట్టి. హిందీ నాకు రాదు గానీ, అంకె ఎక్కడైనా అంకే. చదివాను. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను.

"సుజాతా, గీ బోర్డు మీద ఏమున్నదే?"

"కేదార్‌నాథ్ రెండు కిలోమీటర్లు. ఏమైందమ్మా?"

"ఎనిమిది ఏడనన్న ఉన్నదా, సూడు."

"లేదమ్మా. అగో, గుడి కనిపిస్తనే ఉన్నది."

ఆ బండ మీదే కూర్చుండిపోయాను. రెండే అని చెప్పి ఉంటే, నా సంగతి ఆయనకు తెలుసు, ఆ జ్వరంతోనే ఈడ్చుకుపోయేదాన్ని. ఈడ్వలేకపోతే, గుడి ముందు దాకా వచ్చి నా నీళ్లే మమ్మల్ని ఆపాయని బతికినన్నాళ్లూ కుమిలేదాన్ని. అందుకే ఎనిమిది అన్నాడు. లేని ఆ ఆరు కిలోమీటర్లను ఊరి నవ్వులతో సహా పోయేదాకా మోశాడు. నా తడిమూట కన్నా అదే బరువై ఉంటుంది.

సుజాత నా ఒళ్లోకి చూసింది. "అమ్మా! తువ్వాల తడిసింది. మల్ల పూల మీద నీళ్లు జల్లినవా?"

"నీ సీస నీ దగ్గర్నే ఉన్నది గదనే" అన్నాను.

ఆ మిగిలిన రెండు కిలోమీటర్లూ నడిచి పూలు పెట్టాను. గుడి ముందు నిలబడి ఘనంగా ఒట్టు వేసుకున్నాను: నా ఊపిరి ఉన్నంతకాలం కొండ మీద పువ్వుకు ఒక్క చుక్క నీరు తగలనివ్వను. ఒట్టు ముగియకముందే ఇంకో రెండు చుక్కలు రాలాయి. అవి లెక్కలోకి రావు.

ఇక చేవెళ్ల ఆటోలో ఎవరైనా ఆయన్ను సగం కొండ అన్నారా, బిందెడు నీళ్లు వాళ్ల నెత్తినే పోస్తాను. నా ఒట్టు పూలకే, మనుషులకు కాదు.