ఏడో అంతస్తు పరదా

కోరుట్లలో పాపతో బస్సెక్కి అమ్మకు ఫోన్ చేశాను. దుబాయ్‌లో క్రూజ్ ఓడ ఎక్కేముందు రెండ్రోజులు ఏ హోటల్లో ఉండాలో, పాపకు ఏం చూపించాలో తెలియడం లేదన్నాను. ముందు సీట్లో ఉన్న యాభై ఏళ్లాయన వెనక్కి తిరిగాడు.

“ఓడరేవు దగ్గర్నే ఉండుండ్రి చెల్లె. పొద్దుగూకంగ బిడ్డను కట్టె పడవ ఎక్కియ్యి, మస్తు సంబరపడ్తది. రూం మాత్రం ఏడో అంతస్తుల అడుగు. సముద్రం మంచిగ కనవడ్తది.”

“ఆ రూముల్లో ఉన్నారా అన్నా?”

“ఉన్న. అద్దానికి బయట దిక్కు.”

తాడుకు వేలాడుతూ పన్నెండేళ్లు కిటికీలు తుడిచాడట.

జగిత్యాలలో దిగేముందు పాప తల నిమిరాడు. “మమ్ముల చూస్తె లోపలోళ్లు పరదా అడ్డం గుంజుతుండె. చిన్నపిల్లలైతె చెయ్యి ఊపుతుండె. అప్పుడు మా బిడ్డ గూడ గింతనే ఉండె.”

దుబాయ్‌లో రెండో రోజు పొద్దున ఏడో అంతస్తులోని మా కిటికీ ముందుకు ఒక తాడు దిగింది, వెనకే ఒక మనిషి. నేనింకా తల కూడా దువ్వుకోలేదు. నా చెయ్యి దానంతటదే పరదా మీదికి పోయింది.

పరదా పూర్తిగా పక్కకు జరిపి, నిద్రపోతున్న పాపను లేపడానికి వెళ్లాను.